ఎడమకాలి అల్లుడు

మునగపాక,
18 నవంబరు 2024.

పూజ్యులు త్రినాధరావు మాస్టారికి నానాజీ నమస్కారాలు.

గుర్తుపట్టారా? తుమ్మపాల నుంచి సైకిలు తొక్కుకుంటూ అనకాపల్లి హైస్కూలుకి వచ్చి, రెండో బెంచీలో కూర్చుని, పదిహేనేళ్ళ కిందట మీ చేత తొడపాశాలు తిన్న నానాజీని. మీ నంబరు సంపాదించి రెండుసార్లు ఫోన్ చేశాను. రెండుసార్లూ "హలో, ఎవరదీ, వినబడటం లేదు" అని పెట్టేశారు. మీకు చెవులు బాగా తగ్గాయనీ, విజయనగరంలో ఒక్కరే ఉంటున్నారనీ, ఉత్తరం రాస్తే మాత్రం తప్పులు దిద్ది మరీ జవాబిస్తారనీ స్కూలు గుమాస్తా చెప్పాడు. నాకూ అదే నయం. ఈ ఇంట్లో ఫోన్లో గుసగుసలాడినా పెరట్లో గేదెతో సహా అందరికీ వినబడుతుంది.

మాస్టారూ, నాకొక సందేహం. మొన్న అనకాపల్లి బస్టాండులో టీ తాగుతుంటే ఎవరో వదిలేసిన ఇంగ్లీషు పేపరు చేతికొచ్చింది. క్రికెట్ వార్త. కొత్త కోచ్, కెప్టెన్ 'గాట్ ఆఫ్ ఆన్ ది రాంగ్ ఫుట్' అని రాశారు. చదివి గ్లాసు పక్కన పెట్టేశాను. ఇంగ్లీషువాళ్ళకి కూడా ఈ కాలి పట్టింపు ఉందా? వాళ్ళ అత్తగార్లు కూడా గుమ్మం దగ్గర నిలబడి కాళ్ళు చూస్తారా?

ఎందుకడుగుతున్నానంటే, రెండేళ్ళ కిందట నేను ఇల్లరికం వచ్చాను. మామ నూకరాజు గారికి ధనశ్రీ ఒక్కతే కూతురు. చెరకు తోట ఉంది, బెల్లం వండే పాక ఉంది, చూసుకునే మగపిల్లాడు లేడు. పరవాడ కంపెనీలో షిఫ్టు ఉద్యోగం మానేసి రమ్మన్నారు, మానేశాను. పెళ్ళైన మర్నాడు మేళతాళాలతో గుమ్మం దాకా తీసుకొచ్చారు. అక్కడ నేను ఎడమకాలు ముందు పెట్టాను. అత్త పైడితల్లి గారు చూశారు. అంతే, నా చరిత్ర అక్కడ మొదలై అక్కడే ఆగిపోయింది.

ఆ నెలలోనే చూడిగేదె ఈసుకుపోయింది, దూడ దక్కలేదు. తరవాత మోటారు కాలిపోయింది. మామ గట్టు మీద జారి చెయ్యి విరగ్గొట్టుకున్నారు. అన్నిటికీ కారణం నా కాలే. నోరు తెరిచి నన్ను ఒక్క మాటా అనరు, అదే బాధ. అంటే నేనూ ఏదో ఒకటి అందును. ఈ ఇంట్లో ఏ పని మొదలెట్టినా నన్ను బజారుకి పంపేస్తారు. విత్తనం చల్లే రోజున బజారు. నూతిలో పూడిక తీసే రోజున బజారు. మొన్న బెల్లం పొయ్యి మొదటిసారి రాజేసే రోజు. తెల్లారగట్లే లేచి స్నానం చేసి, కొబ్బరికాయ పీచు తీసి పట్టుకున్నాను. అత్త వచ్చి, "బాబూ, కర్పూరం సాలదేమో. నువ్వోపాలి అనకాపల్లి ఎల్లొచ్చెయ్యి" అన్నారు. పళ్ళెంలో కర్పూరం డబ్బా నిండుగా నాకు కనబడుతూనే ఉంది.

నేను తిరిగొచ్చేసరికి బెల్లం పెనంలో పాకం పొంగుతోంది. "వచ్చేవా బాబూ, పొయ్యిలోకి పిప్పి ఎగదొయ్యి" అన్నారు. మొదలైపోయాక నేను ఎంత పని చేసినా పరవాలేదు. మొదట్లో మాత్రం నా నీడ కూడా పడకూడదు.

ఇప్పుడు ధనశ్రీకి నాలుగో నెల. నాకు గుండెల్లో రాయి పడింది మాస్టారూ. ఆ పేపరు మాటకి అర్థం, వాడుక వివరంగా రాయండి.

మీ విద్యార్థి,
నానాజీ.


విజయనగరం,
27 నవంబరు 2024.

చిరంజీవి నానాజీకి ఆశీస్సులు.

నీ ఉత్తరంలో మూడు చోట్ల పొల్లు పెట్టలేదు. పదో తరగతిలోనూ నీది ఇదే జబ్బు.

ఇక నీ సందేహం. 'గెట్ ఆఫ్ ఆన్ ది రాంగ్ ఫుట్' అంటే ఇద్దరి మధ్య పరిచయమో పనో మొదట్లోనే బెసకడం. కొత్తగా చేరిన గుమాస్తా మొదటి రోజే ఆలస్యంగా వచ్చి ఆఫీసరు చేత చీవాట్లు తిన్నాడనుకో, అప్పుడు వాడొచ్చు. గేదె ఈసుకుపోతే వాడరాదు. మోటారు కాలిపోతే అసలే వాడరాదు, మెకానిక్కుని పిలవాలి.

ఆ మాట ఎక్కడ పుట్టిందో గట్టిగా ఎవరూ చెప్పలేరు. కవాతు నుంచి వచ్చిందని కొందరంటారు. నువ్వు ఎన్‌సీసీలో ఉన్నావు కదా, మొదటి అడుగు ఏది? లెఫ్ట్! అక్కడ కుడికాలు ముందు పెట్టినవాడే తప్పుడు కాలి వాడు. మీ అత్తగారు పెరేడ్ గ్రౌండు చూస్తే మూర్ఛపోతారు.

ఇంకో సంగతి. ఆ మాటని ఇంగ్లీషువాళ్ళు ఒకడి నెత్తిన రుద్దడానికి వాడటం తక్కువ. 'మనిద్దరం తప్పు కాలితో మొదలెట్టాం, మళ్ళీ మొదలెడదాం' అని ఎదుటివాడితో అంటారు. సగం క్షమాపణ, సగం ఆహ్వానం. తప్పు కాలు ఒకరిదే కాదన్నమాట. ముప్పై నాలుగేళ్ళు బోర్డు మీద రాశాను కాబట్టి చెబుతున్నాను.

పెద్దవాళ్ళ చాదస్తాన్ని మనసుకి పట్టించుకోకు. కొంచెం ఓర్చుకో. అమ్మాయి ఆరోగ్యం జాగ్రత్త.

త్రినాధరావు.


మునగపాక,
9 ఫిబ్రవరి 2025.

మాస్టారికి నమస్కారాలు. ఈసారి పొల్లులు రెండుసార్లు చూసుకున్నాను.

మీ ఉత్తరాన్ని ట్రంకుపెట్టెలో చొక్కాల కింద దాచి అప్పుడప్పుడు తీసి చదువుకుంటున్నాను. ఓర్చుకోమన్నారు. ఓర్చుకుంటున్నాను. అల్లుడన్నాక అలిగే హక్కు ఉంటుందంటారు. ఇల్లరికపుటల్లుడు అలిగి ఎక్కడికి పోతాడు? తుమ్మపాలలో అన్నయ్యది ఒక్క గది ఇల్లు, అందులో అమ్మ, వదిన, ఇద్దరు పిల్లలు. పరవాడలో నా సీటులో ఇంకొకడు కూర్చున్నాడు. పొద్దున్నే కంపెనీ బస్సు మా రోడ్డు మీంచి వెళ్తుంటే గట్టు మీద నిలబడి చూస్తాను. నా పరిస్థితి అడకత్తెరలో పోకచెక్కే.

నిన్న ధనశ్రీకి శ్రీమంతం చేశారు. గాజులు తొడిగేటప్పుడు నన్ను ఎక్కడికి పంపారో మీరే చెప్పగలరు. నేను తిరిగొచ్చాక అత్త నన్ను పెరట్లోకి పిలిచి, చాలా మెల్లగా, ప్రేమగానే చెప్పారు.

"బాబూ, నువ్వు మంచోడివే, నాను కాదన్ను. ఒక్క మాటడుగుతాను, ఇను. బిడ్డ బూమ్మీద పడ్డప్పుడు నువ్వక్కడ ఉండకు. తరవాత నీ బిడ్డే. ఎత్తుకో, ఆడించుకో, ఎవులొద్దన్నారు? ఆ ఒక్క గడియ మాత్రం పక్కకెల్లిపో."

ఏమనాలి మాస్టారూ? "నా బిడ్డ అత్తా" అన్నాను. "అందుకే సెప్తన్నాను" అన్నారు.

ధనశ్రీ అరుగు మీద కూర్చుని బత్తాయి తొక్క తీస్తోంది. అంతా వింది. తలెత్తలేదు. రెండేళ్ళుగా ఆమె ఈ విషయంలో ఇటూ అనదు, అటూ అనదు. అమ్మని అనలేదు, నన్ను ఓదార్చలేదు. నేనూ ఆమెకి నా బాధ చెప్పలేదు. కడుపుతో ఉన్న మనిషికి ఏం చెబుతాం? కానీ కోపం మాత్రం వచ్చింది. అమ్మానాన్నల ఇల్లు కదా, ఆమెకేం నొప్పి అనిపించింది.

ఇంతవరకు ఎవరికీ చెప్పని మాట మీకు చెబుతాను. పెళ్ళి మర్నాడు ఈ ఇంటి ముందు కారు దిగేటప్పుడు రాయి తగిలి నా కుడికాలి బొటనవేలి గోరు లేచిపోయింది. రక్తం కారుతోంది. గుమ్మానికి పచ్చగా పసుపు రాసి, బొట్లు పెట్టి, ముగ్గేశారు. అంత శుభ్రమైన గుమ్మం మీద రక్తం అంటితే బాగుండదని ఎడమకాలు పెట్టాను. మర్యాద చేశాననుకున్నాను. డప్పుల మోతలో ఎవరికీ చెప్పే వీలు లేకపోయింది. తరవాత చెబితే సాకు వెతుక్కున్నాడంటారని ఊరుకున్నాను.

బిడ్డ పుట్టేటప్పుడు నేను ఉండాలి మాస్టారూ. నాకింకేమీ వద్దు. పొయ్యి వాళ్ళే రాజేసుకోనీ, విత్తనాలు వాళ్ళే చల్లుకోనీ. ఆ ఒక్క గడియ నాకు కావాలి.

నానాజీ.


విజయనగరం,
17 ఫిబ్రవరి 2025.

చిరంజీవి నానాజీకి,

నువ్వు శుద్ధ వెర్రివాడివి. రెండేళ్ళు ఆ బొటనవేలి సంగతి కడుపులో పెట్టుకుని కూర్చున్నావా? అడగందే అమ్మైనా పెట్టదంటారు, చెప్పందే అత్తగారికి ఎలా తెలుస్తుంది?

నేను చెప్పినట్టు చెయ్యి. ఉగాది ముందు మీకు కొత్తమాస పండగ వస్తుంది కదా. ఆ రోజు ఇంట్లో అందరి మనసూ మెత్తగా ఉంటుంది. భోజనాలయ్యాక కూర్చుని ఆవిడకి జరిగింది జరిగినట్టు చెప్పు. 'అత్తా, మన మొదలు బెసికింది, నేనూ చెప్పలేదు, నువ్వూ అడగలేదు, మళ్ళీ మొదలెడదాం' అను. ఇంగ్లీషు జాతీయాన్ని తెలుగింట్లో వాడటం అంటే అదీ.

నిజం చెప్పినవాడికి నష్టం రాదు.

త్రినాధరావు.


మునగపాక,
31 మార్చి 2025.

మాస్టారికి,

నష్టం వచ్చింది.

కొత్తమాస నాడు మీరు చెప్పినట్టే చేశాను. బూరెలు తిన్నాం, మామ వాలుకుర్చీలో కునుకు తీస్తున్నారు. అత్త తమలపాకుకి సున్నం రాస్తుంటే పక్కన కూర్చున్నాను. కారు దిగడం, రాయి, గోరు, రక్తం అంతా చెప్పాను. మళ్ళీ మొదలెడదాం అత్తా అన్నాను.

ఆవిడ చేతిలో ఆకు జారిపోయింది.

"రగతం కూడానా! ఓరి నాయనో, పెల్లి మర్నాడే గుమ్మం కాడ రగతం పడిందా! నానింకా ఎడంకాలొక్కటే అనుకుంతన్నాను!"

పండగ పూట బకెట్ల కొద్దీ పసుపునీళ్ళు తెచ్చి గుమ్మం కడిగించారు. నేనే నీళ్ళు తోడాను. అది మొదలు కాదు కదా, శుద్ధి. అందుకని నన్ను బజారుకి పంపలేదు.

రేపో ఎల్లుండో ఆవిడ ఎవరినో అడిగొస్తారట, బిడ్డ పుట్టాక ఎన్ని రోజులకి నేను ముఖం చూడొచ్చో. మొన్నటిదాకా ఒక్క గడియ. ఇప్పుడు రోజుల లెక్కలోకి వచ్చింది. మీ జాతీయం వాడినందుకు నాకు దక్కిన ఫలం ఇది.

కోపగించుకోకండి, కోపంలోనే రాస్తున్నాను. విజయనగరంలో మేడ మీద కూర్చుని సగం క్షమాపణ, సగం ఆహ్వానం అని రాయడం తేలికే. మీరు ఎవరితోనైనా ఆ మాట అన్నారా మాస్టారూ? జీవితంలో ఒక్కసారైనా? బోర్డు మీద కాదు, మనిషి ముఖం చూసి?

నానాజీ.


విజయనగరం,
8 ఏప్రిల్ 2025.

నానాజీకి,

నీ ఉత్తరంలో ఒక్క తప్పూ లేదు. దిద్దడానికి ఎర్ర పెన్ను పట్టుకుని కూర్చుని, ఊరికే మూత పెట్టేశాను.

అనలేదు. ఎవరితోనూ అనలేదు.

నాకొక కూతురుంది, పావని. సాలూరులో ఉంటుంది. ఆరేళ్ళ కిందట దాని పెళ్ళిలో మగపెళ్ళివారి బస్సు దారిలో ఆగిపోయి, ముహూర్తానికి నలభై నిమిషాలు ఆలస్యంగా వచ్చారు. నేను స్కూలు మాస్టర్ని కదా, ఆలస్యమంటే నాకు ఒళ్ళు మంట. పెళ్ళికొడుకు గ్రీజు చేతులతో, చెమటతో పందిట్లోకి పరిగెత్తుకొచ్చాడు. పాపం, బస్సు టైరు తానే మార్చాడట. మూడొందల మంది ముందు గడియారం చూపించి, "ఇలాంటి బాధ్యత లేనివాడికా నా పిల్లనిస్తున్నాను" అన్నాను. ఆ కుర్రాడు తల వంచుకుని తాళి కట్టాడు. మళ్ళీ నా గుమ్మం తొక్కలేదు. పావని రెండేళ్ళు వచ్చింది, తరవాత అదీ మానేసింది. మనవడికి నాలుగేళ్ళు. ఫోటోలో చూశాను.

అంటే మీ అత్తగారి పార్టీ నేను. నిన్ను ఓర్చుకో, ఓర్చుకో అన్నది అందుకేనేమో. అల్లుళ్ళు ఓర్చుకుంటే మాలాంటివాళ్ళకి సుఖం కదా.

ఇక్కడి నుంచి సాలూరుకి బస్సులున్నాయి. పొద్దున్నే కిటికీలోంచి బస్సు మీద ఆ ఊరి బోర్డు కనబడుతుంది. మోకాళ్ళ నొప్పులని, చెవులు వినబడవని నాకు నేనే సాకులు చెప్పుకుంటూ ఈ మేడ మీద కూర్చున్నాను. నిన్ను ఎవరో కట్టేశారు. నన్ను నేనే కట్టేసుకున్నాను.

నీకు సలహా చెప్పే యోగ్యత నాకు లేదు. బిడ్డ పుట్టగానే కబురు రాయి.

త్రినాధరావు.


మునగపాక,
4 మే 2025.

మాస్టారికి నమస్కారాలు. నా కిందటి ఉత్తరానికి క్షమించండి. మీరు క్షమించారని తెలుసు, అయినా రాయాలి కదా.

ఆడపిల్ల పుట్టింది. కిందటి నెల పదిహేడో తారీకున, అనకాపల్లి ఆసుపత్రిలో. ఆపరేషన్ చేశారు. ఇద్దరూ క్షేమం.

నేను లేను.

తెల్లారి అయిదింటికి నొప్పులొచ్చాయి. ఆటోలో తీసుకెళ్ళాం. ఆసుపత్రి మెట్ల దగ్గర అత్త నా చెయ్యి పట్టుకున్నారు. రెండేళ్ళలో మొదటిసారి. "బాబూ, నూకాలమ్మ తల్లికి నీ సేత్తోనే కొబ్బరికాయ కొట్టాలట. బిడ్డ తండ్రే కొట్టాలట. వేగం ఎల్లిరా" అన్నారు. నేనెంత పొంగిపోయానో చెప్పలేను. ఇన్నాళ్ళకి ఒక మొదలు నా చేతికిచ్చారు అనుకున్నాను. అమ్మవారి గుడి ఉన్న గవరపాలెం పరిగెత్తాను. గుళ్ళో జనం. వరసలో గంటన్నర నిలబడి, కాయ కొట్టి, బొట్టు పెట్టుకుని, చిప్ప పట్టుకుని వచ్చేసరికి వరండాలో మామ స్వీటు పంచుతున్నారు. పిల్ల పుట్టి నలభై నిమిషాలైంది.

అప్పుడు అర్థమైంది, అదీ బజారేనని. అమ్మవారి పేరు పెట్టిన బజారు.

పిల్లని ఎత్తుకున్నాను. రోజుల లెక్క ఎవరూ ఎత్తలేదు, నర్సు చేతికిచ్చేసింది. చిన్న చిన్న పాదాలు. ఏది కుడి, ఏది ఎడమ అని చూడబుద్ధి కాలేదు. గోడ వైపు తిరిగి ఏడ్చాను. ధనశ్రీకి మత్తు దిగాక, "ఎక్కడికెల్లేరు?" అని అడిగింది. కొబ్బరిచిప్ప చూపించాను. చాలాసేపు నా వైపు చూసింది.

ఆరో రోజు ఇంటికి తెచ్చాం. ఎండ మండిపోతోంది. గుమ్మానికి పసుపు, ముగ్గు, అంతా మొదటి రోజులాగే. అత్త ఎర్రనీళ్ళ పళ్ళెం పట్టుకుని నిలబడ్డారు. నా వైపు చూసి, "బాబూ, సంచులట్టుకుని పెరటి గుమ్మంలోంచి ఒచ్చీ" అన్నారు. నేను సంచులు ఎత్తాను. అలవాటైపోయింది కదా.

"ఆగండి" అంది ధనశ్రీ.

కుట్లు పచ్చిగా ఉన్నాయి, నిలబడలేకపోతోంది. పిల్ల చేతుల్లో ఉంది. అత్త దిష్టి తీసి, "రా ధనా, కుడికాలు, కుడికాలెట్టు" అంటున్నారు. ధనశ్రీ వాళ్ళమ్మ ముఖంలోకి సూటిగా చూసింది. చూస్తూనే ఎడమకాలు ఎత్తి గుమ్మం లోపల పెట్టింది. తొందరపడి కాదు, మరిచిపోయి కాదు. వీధిలో వాళ్ళందరూ చూసేలా, నింపాదిగా.

"ఓలె! ఏటే సేసేవు!" అన్నారు అత్త.

"ఎడంకాలెట్టేనమ్మా. నీ కూతురు ఎట్టింది, నీ మనవరాల్ని ఎత్తుకుని ఎట్టింది. ఇకనించి గేదె ఈసుకుపోయినా, పాకం మాడిపోయినా నన్నను, దీన్నను. రేపు పొయ్యి రాజేసేటప్పుడు ముగ్గుర్నీ కలిపి బజారుకి అంపెయ్యి."

పళ్ళెంలో నీళ్ళు అత్త చీర మీద ఒలికాయి. అప్పుడు మామ, ఈ విషయంలో రెండేళ్ళుగా నోరు విప్పని మామ, వచ్చి నా చేతిలోంచి సంచి అందుకున్నారు. "రా అల్లుడా. ఎండలో ఎంతసేపు నిలబడతావు" అన్నారు. వీధిగుమ్మంలోంచే వెళ్ళాను. ఏ కాలు ముందు పెట్టానో నాకు గుర్తు లేదు. ఎవరూ చూడలేదు.

లోపలికెళ్ళాక ధనశ్రీని అడిగాను, ఇంత ధైర్యం ఎక్కడిదని. "మీ ట్రంకుపెట్టెలోది" అంది. మీ ఉత్తరాలన్నీ చదివిందట, మొదటి దాని నుంచి. "తప్పు కాలు ఒకరిదే కాదని మీ మాస్టారు రాసేరు కదా. నా కాలు మాత్రం ఎప్పుడూ మంచిదెలా అయిపోద్ది? మీరు నాకొక్క మాట సెప్పలేదు. నేనూ అడగలేదు." ఆ రోజు బత్తాయి తొక్క తీస్తూ ఏడుస్తోందట. నాకు తెలియలేదు. కోపం తెచ్చుకున్నాను చూడండి, నేనూ ఒక మనిషినే.

అత్త పదకొండు రోజులుగా నాతో మాట్లాడటం లేదు. మారిపోయారని రాయలేను. నిన్న పిల్లకి ఉయ్యాల కట్టాల్సి వచ్చింది. నడిమింట్లో దూలానికి తాడు వెయ్యాలి. మొదలు కదా, నేను అలవాటుగా చెప్పులు తొడుక్కున్నాను, ఏం తెమ్మంటారో అని. అత్త గదిలోంచి తాడుచుట్ట తెచ్చారు. నా ముందు దబ్బున పడేసి, నా ముఖం చూడకుండా వంటింట్లోకి వెళ్ళిపోయారు.

మొదటి ముడి నేనే వేశాను మాస్టారూ. గట్టిగా ఉందో లేదో నాలుగుసార్లు వేలాడి చూశాను.

మీ నానాజీ.


సాలూరు,
18 మే 2025.

చిరంజీవి నానాజీకి, ధనశ్రీకి, పాపకి ఆశీస్సులు.

పైన ఊరి పేరు చూశావు కదా. నీ ఉత్తరం రెండుసార్లు చదివి మర్నాడే బస్సెక్కాను.

తలుపు అల్లుడే తీశాడు. నేను దారంతా వల్లె వేసుకున్న వాక్యం, ముప్పై నాలుగేళ్ళు బోర్డు మీద రాసిన వాక్యం, ఒక్క ముక్క నోట రాలేదు. గుమ్మం బయట నిలబడి, "ఆ రోజు తప్పు నాది బాబూ" అన్నాను. అదైనా సరిగ్గా అన్నానో లేదో నాకే వినబడలేదు.

అతను నా చేతి సంచి అందుకుని ఏదో అన్నాడు. నాకు అందలేదు. మళ్ళీ చెప్పమన్నాను. నా చెవి దగ్గరికి వంగి గట్టిగా చెప్పాడు.

"మెట్టుంది మావయ్యగారూ, చూసి రండి."

త్రినాధరావు.